గాడి వెంట ఒక రోజు

నా దగ్గర ఒకే పాటల ఆల్బమ్ మూడు వినైల్ రికార్డు ప్రతులుగా ఉంది. బీటిల్స్ బృందం 1969 సెప్టెంబరు 26న విడుదల చేసిన ‘యాబీ రోడ్’ అది. మొదటిది ఆనాడే బ్రిటన్‌లో అచ్చయింది, రెండోది 2012లో వచ్చిన రీఇష్యూ, అంటే మళ్లీ అచ్చువేసిన ప్రతి, మూడోది యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2019లో వచ్చింది. అట్ట మీద బొమ్మ ఒకటే, పాటల వరస ఒకటే. అయినా ముల్లు గాడిలోకి దిగిన మరుక్షణం మూడూ మూడు దారులు పడతాయి. పాత ప్రతిలో చిటపటల మధ్య నుంచి డ్రమ్ముల మోత గుండ్రంగా, బరువుగా వినిపిస్తుంది. 2012 ప్రతి శుభ్రంగా, కొంత ముభావంగా ఉంటుంది. 2019 నాటిదాంట్లో గొంతులూ వాయిద్యాలూ నిలబడిన చోట్లే మారిపోయాయి. ఈ తేడా ఎవరి చేతిలో, ఏ చోట పుడుతుందో చూడాలని చాలాకాలంగా కోరిక ఉండేది. లండన్‌లో నాలుగు రోజులు గడిపే అవకాశం రాగానే అందులో ఒక రోజును పూర్తిగా దీనికే కేటాయించుకున్నాను.

ఉదయమే ఎలిజబెత్ లైను రైలెక్కి, నగరానికి పడమటి వైపున్న హేస్ అండ్ హార్లింగ్టన్ స్టేషన్‌లో దిగాను. యాత్రికులు పనిగట్టుకుని వచ్చే చోటు కాదిది. అక్కడి నుంచి కాసేపు నడిస్తే బ్లైత్ రోడ్డు, ఆ రోడ్డు మీదే గ్రామఫోన్ కంపెనీ పాత కర్మాగారం కనిపిస్తాయి. మనం ‘కుక్క బొమ్మ రికార్డులు’ అని పిలుచుకునే హెచ్‌ఎంవీ రికార్డులు బ్రిటన్‌లో తయారైంది ఇక్కడే. 1907లో దీనికి పునాదిరాయి వేసింది ఒపేరా గాయని నెల్లీ మెల్బా. 1931లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కంపెనీ కలిసి ఈఎంఐ అయ్యాయి. ఈఎంఐకి చెందిన పార్లోఫోన్ లేబుల్‌తో వచ్చిన బీటిల్స్ రికార్డులు కూడా ఈ ఊళ్లోనే అచ్చయ్యాయి.

ఇప్పుడా ప్రాంగణానికి ‘ది ఓల్డ్ వినైల్ ఫ్యాక్టరీ’ అని పేరు పెట్టి, నివాసాలుగా, కార్యాలయాలుగా మార్చారు. పాత భవనాల్లో కొన్నిటిని కూల్చకుండా బాగుచేసి, రికార్డ్ స్టోర్, క్యాబినెట్ బిల్డింగ్, షిప్పింగ్ బిల్డింగ్ అన్న పేర్లను అలాగే ఉంచడం నాకు ఎంతో నచ్చింది. ఒక రికార్డు ఏయే చేతులు దాటి బయటి ప్రపంచంలోకి వెళ్లేదో ఆ పేర్లను వరసగా చదివితేనే తెలిసిపోతుంది.

అక్కడ నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం భవనాల ముందు కాదు, రైలు పట్టాలు కనిపించే వైపున. ఈఎంఐలో ఇంజనీరుగా పనిచేసిన అలన్ బ్లూమ్‌లైన్ 1931లో స్టీరియో ధ్వనికి, అంటే కుడి ఎడమలకు వేర్వేరుగా రెండు చానళ్లలో వినిపించే ధ్వనికి, పేటెంటు దరఖాస్తు చేశారు. 1935లో ఆయన బృందం ఈ కర్మాగారం నుంచే హేస్ స్టేషనులో వచ్చిపోయే రైళ్లను చిత్రీకరించి, దానికి రెండు మైకులతో శబ్దాన్ని నమోదు చేసింది. ఆ అయిదు నిమిషాల చిత్రాన్ని ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసార్లు చూశాను. ఆవిరి ఇంజను ఒక చెవి దగ్గర మొదలై, నుదుటి మీదుగా సాగి, రెండో చెవి అవతల మాయమవుతుంది. ఆ పట్టాల మీదే ఇప్పుడొక రైలు దాటిపోతుంటే, నేను కళ్లు మూసుకుని ఆ శబ్దం ఎటు నుంచి ఎటు కదులుతోందో గమనించాను. గాడి రెండు గోడలనూ 45 డిగ్రీల వాలులో కోసి, ఒక్కో గోడలో ఒక్కో చానల్‌ను ఇమిడ్చే పద్ధతి కూడా ఆయన పేటెంటులోనే ఉంది. 1942లో ఒక రాడార్ పరీక్ష సందర్భంగా విమానం కూలి ఆయన మరణించారు. స్టీరియో రికార్డులు మార్కెట్లోకి రావడానికి ఆ తరువాత మరో పదిహేనేళ్లు పట్టింది. ఈనాడు అచ్చవుతున్న ప్రతి స్టీరియో రీఇష్యూ ఆయన గీసిన ఆ కోణం మీదే నడుస్తోంది.

ఈ కర్మాగారంలో జరిగిన పని ఏమిటో తెలియనిదే రీఇష్యూ అంటే ఏమిటో అర్థం కాదు. అల్యూమినియం పళ్లేనికి నైట్రోసెల్యులోజ్ పూత పూస్తే తయారయ్యే లాకర్ డిస్కు మీద స్టూడియోలో గాడి కోస్తారు. ఆ మెత్తని డిస్కు మీద పలచగా వెండి చల్లి, నికెల్ తొట్టిలో ఉంచి పైన లోహం పేరుకునేలా చేస్తారు. ఊడదీసిన ఆ లోహపు పొరలో గాళ్లు గట్లుగా ఉంటాయి. దాని నుంచి ‘మదర్’ అనే మరో పొరను, ఆ మదర్ నుంచి స్టాంపర్లనబడే అచ్చులను తీస్తారు. రెండు స్టాంపర్ల నడుమ వేడెక్కిన వినైల్ ముద్ద నలిగి పలచబడితే రికార్డు అవుతుంది. ఒక్కో అచ్చు కొన్ని వందల ప్రతులు తీసేసరికి అరిగిపోతుంది, అప్పుడు కొత్త అచ్చు ఎక్కిస్తారు. ఇన్ని దశల్లో ఎక్కడ తొందరపడినా ఆ లోపం మన ముల్లు కిందికి వచ్చి తీరుతుంది.

మధ్యాహ్నానికి బాండ్ స్ట్రీట్‌లో రైలు మారి, సెయింట్ జాన్స్ వుడ్ చేరాను. 1931 నవంబరులో ఎడ్వర్డ్ ఎల్గర్ నిర్వహించిన రికార్డింగుతో ప్రారంభమైన ఈఎంఐ స్టూడియో ఇక్కడే ఉంది. ఆల్బమ్‌కు వీధి పేరు పెట్టాక, కొన్నేళ్లకు స్టూడియో పేరే యాబీ రోడ్‌గా మారింది. లోపలికి సందర్శకులను రానివ్వరు. బయటి గోడ నిండా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవారి రాతలు ఉన్నాయి. స్టూడియో ముందున్న జీబ్రా క్రాసింగ్‌కు 2010లో రక్షిత కట్టడం హోదా కూడా ఇచ్చారు. దాని మీద నడుస్తూ ఫొటోలు దిగేవారి కోసం వాహనాలు ఓపికగా ఆగుతున్నాయి.

నేను ఫొటో దిగలేదు. 1969 ఆగస్టు 8న ఇయాన్ మెక్‌మిలన్ నడిరోడ్డు మీద నిచ్చెన వేసుకుని ఆరు ఫొటోలు తీసిన చోటు ఎక్కడ ఉండవచ్చో అంచనా వేసుకుని, కాలిబాట మీద నుంచే ఆ కోణంలో చూశాను. పన్నెండంగుళాల అట్ట విలువ నాకు అక్కడ మళ్లీ తెలిసివచ్చింది. అట్ట మీది బొమ్మలో కుడివైపు నల్లని పోలీసు వ్యాను పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. సీడీ పెట్టె మీద అతను ఒక చుక్క మాత్రమే. పాత అట్టనే స్కాను చేసి అచ్చువేసిన నాసిరకం రీఇష్యూల మీద అతను పూర్తిగా మసకబారిపోతాడు. అసలు ఫొటో నుంచి శ్రద్ధగా ముద్రించిన ప్రతి మీద అతని నిలబడిన తీరు కూడా కనిపిస్తుంది. రీఇష్యూ చేతికి రాగానే నేను ముందు ఆ మనిషి కోసం వెతుకుతాను. బొమ్మ దగ్గర ఓపిక పట్టినవారు ధ్వని దగ్గరా ఓపిక పట్టి ఉంటారన్న నమ్మకం నాది, అది చాలాసార్లు నిజమైంది కూడా.

ఆ తెల్లని గోడల వెనకే ఈనాటికీ లేత్ యంత్రాల మీద గాళ్లు కోస్తున్నారు. మైల్స్ షోవెల్ అనే ఇంజనీరు అక్కడ సగం వేగంతో కోసే పద్ధతిని పాటిస్తారు. నిమిషానికి ముప్పయి మూడుంబావు చుట్లకు పైచిలుకు తిరగవలసిన డిస్కును అందులో సగం వేగంతోనే తిప్పి, పాటను కూడా సగం వేగంతోనే నడుపుతారు. కోసే మొనకు రెట్టింపు సమయం దొరకడం వల్ల తాళాల మిలమిల, ‘స’కారాల పదును చెదరకుండా గాడిలోకి ఎక్కుతాయి. అయితే ఈ పద్ధతికి మూలం సాధారణంగా, పాట మొదట నమోదైన టేపు నుంచి ఎక్కించుకున్న డిజిటల్ ఫైలే. ఇది విని ముఖం చిట్లించే సేకర్తలున్నారు. 2022లో, పూర్తిగా అనలాగ్ పద్ధతిలోనే చేస్తుందని అందరూ నమ్మిన ఒక సంస్థ పనిలో డిజిటల్ దశ ఉందని బయటపడినప్పుడు చాలామంది బాధపడ్డారు. చెప్పకపోవడం తప్పు, అందులో సందేహం లేదు. కానీ అదే రికార్డులను అంతకుముందు ఏళ్ల తరబడి మెచ్చుకున్న చెవులు కూడా వారివే. యాభై ఏళ్ల నాటి టేపును, గాడి కోసిన ప్రతిసారీ యంత్రం మీద తిప్పితే అది ఎంతకాలం బతుకుతుందన్న ప్రశ్న కూడా నాకు ముఖ్యమే.

పూర్తి అనలాగ్ పని గురించి చెప్పాలంటే, నేను అందరికన్నా ముందు తలచుకునేది 2014లో వచ్చిన బీటిల్స్ మోనో రికార్డులను, అంటే ధ్వని అంతా ఒకే చానల్‌లో ఉండేవాటిని. షాన్ మాగీ, స్టీవ్ బెర్కోవిట్జ్ ఆ పనిని ఈ భవనంలోనే చేశారు. డిజిటల్ దశ ఏదీ లేకుండా మోనో మాస్టర్ టేపుల నుంచి నేరుగా, 1980ల నాటి లేత్ మీద కోశారు. పాత ప్రతులను పక్కన పెట్టుకుని వింటూ, అరవైలలో కోత పనిచేసిన ఇంజనీర్లు రాసిపెట్టుకున్న కాగితాలను చదువుకుంటూ పనిచేశారు. గోడ బయట నిలబడి నేను ఆలోచించింది ఆ కాగితాల గురించే. ఒక పాట దగ్గర ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఎవరో రాసిపెట్టుకుంటే, యాభై ఏళ్ల తరువాత మరొకరు ఆ అంకెలను నమ్మి, అవసరమైన చోట తమ చెవినీ నమ్మి, మళ్లీ గాడి కోశారు.

సాయంత్రం సోహోలోని బెర్విక్ స్ట్రీట్‌లో, రికార్డు దుకాణాల మధ్య తిరిగాను. పెట్టెల్లో వరసగా నిలబెట్టిన అట్టలను వేళ్లతో వెనక్కి వాల్చుతూ వెతకడంలో గంటలు తెలియకుండా గడిచిపోతాయి. ‘180 గ్రాములు’ అన్న ముద్ర దాదాపు ప్రతి రీఇష్యూ మీదా ఉంది. మందంగా ఉన్నంత మాత్రాన రికార్డు బాగా పలకదు. కోత ఎవరిది, టేపు ఏది, అచ్చు ఎక్కడిది అన్న వివరాలే అడిగి తెలుసుకోవలసినవి. ఆ మధ్య నేను కొన్న ఒక బరువైన రీఇష్యూలో నడిమి రంధ్రం సరిగ్గా మధ్యలో లేదు. ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా చివరి పాటలో పియానో స్వరం ఊగిపోతుంది. రికార్డు అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లేబుల్ దగ్గరకు వచ్చేసరికి నడిచేది 21 సెంటీమీటర్లే. లోపలి గాళ్లు సహజంగానే ఇరుకు, అక్కడ ఏ చిన్న లోపమైనా దాగదు. ఒక డిస్కులో పట్టే ఆల్బమ్‌ను కొందరు రెండు డిస్కుల మీద పరచి అచ్చువేయడానికి కారణం కూడా ఇదే.

నాకు కావలసింది దొరికింది. 1966 నాటి ‘రివాల్వర్’ ఆల్బమ్, 2014 మోనో ప్రతి. రాత్రి బస చేసిన మిత్రుడి ఇంట్లో, వాళ్ల నాన్నగారు 1966లోనే కొనుక్కున్న పాత మోనో ప్రతి ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో పాటనూ రెండుసార్లు విన్నాం. బాకాలతో సాగే ఒక పాట స్టీరియోలో ముగిసిపోయే చోట మోనోలో ఇంకొంతసేపు సాగుతుంది. కొత్త ప్రతిలో ఆ తోక ఏ గీతా లేకుండా, నిశ్శబ్దంలోకి జారేదాకా వినిపించింది. పాతదాంట్లో గాయకుడి గొంతు మరికాస్త ముందుకు వచ్చి నిలబడింది. ఏది మెరుగో మేమిద్దరం ఒప్పుకోలేకపోయాం.

ఆఖరున పాత ప్రతిని దీపం కింద వాలుగా పట్టుకుని, లేబుల్ చుట్టూ గాళ్లు లేని నున్నని అంచును భూతద్దంతో చూశాను. కింద ‘ఎక్స్‌ఈఎక్స్ 605–2’ అన్న మాట్రిక్స్ సంఖ్య (ఏ కోత నుంచి వచ్చిందో తెలిపే గుర్తు), ఎడమ పక్కన మదర్‌ను సూచించే 2 అంకె ఉన్నాయి. కుడి పక్కన చిన్న అక్షరాలు రెండు: జీ, ఏ. ఈఎంఐవారు స్టాంపర్ల సంఖ్యను అంకెల్లో కాక, ‘గ్రామఫోన్ లిమిటెడ్’ అన్న పేరు నుంచి తీసిన పది అక్షరాలతో రాసేవారు. అందులో మొదటి అక్షరం జీ, మూడోది ఏ. అంటే ఇది రెండో మదర్ నుంచి తీసిన పదమూడో అచ్చు. ఇంట్లో ఇన్నేళ్లుగా ఉన్న రికార్డు మీద ఆ అక్షరాలున్నాయని మిత్రుడికి తెలియదు. భూతద్దం అతని చేతికిచ్చి, ఆ ఉదయం నేను చూసి వచ్చిన భవనాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టాను.