సౌందర్య కోసం కొన్న జాకెట్ ముక్క

ప్రతి ఏడు ఏప్రిల్ 17 రాంగనే, సినిమా హీరోయిన్ సౌందర్య పోయిన రోజు గద, నా దోస్తులు ఆమె ఫొటో స్టేటస్ పెడ్తరు, నువ్వెందుకు పెట్టవే, మా అందరికంటె పెద్ద ఫ్యాన్‌వు నువ్వే గద అని అడుగుతరు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంట. అసలు సంగతి చెప్పాల్నంటె మస్తు టైం పడ్తది, చెప్పినంక నవ్వుతరేమో అని భయం కూడ ఉండె. ఇప్పుడు నలభై దాటింది, నవ్వితె నవ్వనియ్యి అని రాస్తున్న.

మాది హుజూరాబాద్ దగ్గర ఊరు. 2004ల నేను హన్మకొండల డిగ్రీ చదువుతున్న, హాస్టల్ల ఉండుడు. సెలవు దొరికిందంటె సొంతూరికి పోకుండ హుజూరాబాద్‌ల మా మేనత్త ఇంట్లనే దిగేదాన్ని, ఎందుకంటె అక్కడ టీవీ ఉండె, వీసీడీ ప్లేయర్ ఉండె, రెండూ మామ దుబాయ్ నుంచి తెచ్చినయే. మామ రెండేండ్లకోసారి వస్తుండె, రెండు నెలలుండి పోతుండె. అత్తమ్మ ఇంట్లనే మిషన్ పెట్టుకొని జాకెట్లు కుట్టేది, మధ్యాహ్నం గిరాకి లేనప్పుడు సినిమా పెట్టేది, పెడ్తె సౌందర్యదే.

నాకు ఆ పిచ్చి అత్తమ్మ దగ్గర్నుంచే అంటుకుంది. పవిత్ర బంధం ఎన్నిసార్లు చూసినమో లెక్క లేదు, అండ్ల ఏడాదికే ఒప్పందం పెట్టుకొని పెండ్లి చేసుకుంటరు గద, ఆ సీన్ వచ్చినప్పుడల్లా అత్తమ్మ, దానిది ఏడాది అగ్రిమెంటు, నాది రెండేండ్ల అగ్రిమెంటు అని నవ్వేది. చిన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని. మిషన్ దగ్గరికి ఎవలన్న వేరే హీరోయిన్ ఫొటో పట్టుకొచ్చి గిట్ల కుట్టుమంటె మొఖం చిట్లించేది, సౌందర్య ఫొటో తెస్తె మాత్రం పది రూపాయలు తక్వ తీసుకునేది. ఆమె మన తెలుగామె కాదు, కన్నడామె, కోలారు దిక్కు, డాక్టర్ చదువు మధ్యల ఇడిసిపెట్టి సినిమాలకు వచ్చింది అని నేను పేపర్ల చదివి చెప్తె అత్తమ్మ నమ్మలే. చీర అట్ల కట్టుకునేది కన్నడామె ఎట్లైతదే అన్నది.

ఎలక్షన్లు వచ్చినయి. మా దిక్కు ఏప్రిల్ 20న పోలింగ్. సౌందర్య బీజేపీల చేరింది, కరీంనగర్‌కు ప్రచారానికి వస్తాంది అని తెలిసింది. శనివారం రోజు. నేను శుక్రవారం రాత్రికే హాస్టల్‌ల మా బాపుకు పానం బాలేదని అబద్ధం చెప్పి వచ్చేసిన (బాపు గుర్రం లెక్క ఉండె). అత్తమ్మకు పార్టీ గీర్టీ ఏం లేదు, ఆ ఎలక్షన్ల ఎవలికి ఓటేసిందో ఈ రోజు దాంక చెప్పలే. ఆమెకు ఒక్కటే ఆలోచన. పెండ్లయి ఏడాది కూడ నిండలే, కొత్త పెండ్లికూతురు, మన దిక్కు వస్తాంటె ఉత్తచేతుల్తోటి పంపుతమా, బొట్టు పెట్టి రైక ముక్క పెట్టాలె అన్నది.

అంత గుంపుల ఆమె దాంక ఎట్ల పోతం అంటె, ఆడోళ్లను రానిస్తరులే అన్నది. ఇంట్ల మిషన్ కాడ పదిమంది తెచ్చిన బట్ట ఉన్నది గాని తనకోసం కొనింది ఒక్కటి కూడ లేదు. శనివారం పొద్దుగాల దుకాణానికి పోయినం. నాకు ఆకుపచ్చ నచ్చింది, అత్తమ్మకు వంకాయ రంగు, దాని మీద చిన్న చిన్న జరీ బుటీలు. ఆమె రంగుకు ఏదైన బాగుంటది గాని వంకాయ రంగు తెల్ల చీర మీదికి కూడ పోతది అని గంట సేపు బేరం. గాజులు కూడ తీసుకుందామనుకున్నం గాని సైజు తెల్వకపాయె. పసుపు కుంకుమ పొట్లాలు కట్టి, ముక్క మడత పెట్టి, మామ తెచ్చిన దుబాయ్ కవర్ల పెట్టింది. తిని బయల్దేరేసరికి పన్నెండు దాటింది.

బస్సు మానకొండూరు, అలుగునూరు దాటి మానేరు బ్రిడ్జి ఎక్కినప్పుడు అత్తమ్మ కిటికీల నుంచి పైకి చూస్తాంది. విమానం కనబడ్తదేమో అని.

కరీంనగర్‌ల దిగినంక ఎవల్ని అడిగినా ఒకలొకటి చెప్తున్నరు, ఎక్కడికి ముందు వస్తదో తెల్వది. కొద్దిసేపు నడిచినం. ఒక టీవీల దుకాణం ముందట జనం గుంపు ఉండె, క్రికెట్ అనుకున్న నేను. దగ్గరికి పోతె ఎవ్వలు మాట్లాడ్తలేరు. నాలుగు టీవీలు ఆన్ చేసి ఉన్నయి, నాల్గింట్ల అదే వార్త, మంట, పొగ, సౌందర్య ఫొటో. సౌండ్ ఒక్కదాంట్లనే పెట్టిండ్రు. అత్తమ్మ చదువుకోలే, స్క్రోలింగ్ చదవరాదు, నన్ను ఏమైందే ఏమైందే అని గుంజుతాంది, నాకు నోరు రాలే. పక్కన నిలబడ్డ ఒకాయన చెప్పిండు, పోయిందంటమ్మా అని. అత్తమ్మ ఆయన్నే తిట్టింది. నోటికి మంచి మాట రాదా అని.

బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌ల లేచింది ఆ విమానం, నాలుగు సీట్లది, సెస్నా. పొద్దుగాల పదకొండు గంటల టైంల. లేచిన కొంచెం సేపటికే పక్కనున్న వ్యవసాయ యూనివర్సిటీ జాగల పడి కాలిపోయింది. ఆమె, ఆమె అన్న అమర్‌నాథ్, పైలట్, ఇంకొకాయన, నలుగురికి నలుగురు. ఇవన్నీ మెల్లగ తెలిసినయి. నేను తర్వాత ఎన్నోసార్లు లెక్కేసుకున్న, పదకొండు గంటలకు మేము దుకాణంల ఉన్నం, ఆకుపచ్చదా వంకాయ రంగుదా అని లొల్లి పెట్టుకుంటున్నం.

తిరుగు బస్సుల అత్తమ్మ ఆ కవర్‌ను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. కండక్టర్ టికెట్ అడిగితె నా దిక్కు చూసింది. ఇంటికొచ్చి కవర్ బీరువల పెట్టి స్నానం చేసింది, నన్ను కూడ చేయమన్నది. సావు కాడికి పోయొచ్చినట్టు.

తెల్లారి పేపర్లన్నీ కొన్న. అన్నిట్ల అదే, ఎన్నికల ప్రచారానికి కరీంనగర్‌కు పోతుండంగ అని. నాకు ఏడ్పు అప్పటిదాంక రాలే, మా కరీంనగర్ పేరు చూసినంక వచ్చింది. మా దిక్కు వస్తుండంగనే సచ్చిపోయింది అనేది మనసుల పట్టుకుంది, పట్టుకుంటె ఇగ ఇడవలే. మేమేం పిలిచినమా, మాకేం సంబంధం, ఇవన్నీ తెలుసు, తెలిసినా గాని రాత్రి పడుకుంటె అదే వస్తది. వస్తదని తెలిసిన రోజు ఎంత ఎగిరిన, ఎంతమందికి చెప్పుకున్న, దిష్టి గిట్ల తగిలిందా, అసలు ఆమె రావొద్దని ఒక్కలన్న అనుకుంటె బాగుండు గద, ఇసొంటి పిచ్చి ఆలోచనలు.

బాపు వచ్చి ఒకటే మాట, ఏమైతదే నీకు ఆమె, చుట్టమా పక్కమా? నిజమే. చుట్టమైతె మూడొద్దులు ఉంటయి, పదకొండొద్దులు ఉంటయి, వచ్చినోళ్లు పలకరిస్తరు, ఏడ్వడానికి ఒక టైం ఉంటది, అన్నం పెట్టి తినుమనేటోళ్లుంటరు. సినిమా ఆమె పోతె ఏముంటది? ఏడిస్తె నవ్వుతరు. హాస్టల్ల మా రూమ్మేట్ ఒకామె రెండ్రోజులు ఊకుండి మూడోనాడు, ఇగ చాల్లే, ఓవర్ చేయకు అన్నది. ఆమె మంచిదే, ఇప్పటికీ మాట్లాడుకుంటం. కాని ఆ మాట మాత్రం గుర్తున్నది. ఆ యేడు ఒక పేపర్ పోయింది నాకు, కారణం ఇదని ఎవలికీ చెప్పలే, ప్రశ్నలు కష్టమొచ్చినయని చెప్పిన.

అత్తమ్మది వేరే తీరు. ఏడ్వలే, సినిమాలు పెట్టుడు బందు చేసింది, మిషన్ మీద రేడియో పెట్టుకునేది. జూన్‌ల మామ రావాల్సి ఉండె. టికెట్ బుక్ చేసిన అని ఫోన్ చేస్తె, ఓడలు ఉండయా ఓడల రారాదు అన్నది. మామ నవ్విండు. నవ్వుతడు, ఆయనకేం తెలుసు. ఆయన బేగంపేట ఎయిర్‌పోర్టుల దిగి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేదాంక రాత్రంత వాకిట్లనే కూసున్నది, నేను పక్కన. అప్పుడన్నది నాతోటి, మనం పిలవలే, మనం తోలలే, నువ్వు గట్ల పాడుగాకు అని. నేను ఎన్నడు ఆమెకు చెప్పలే నా మనసుల ఉన్నది. ఆమెకెట్ల తెలిసిందో.

జాకెట్ ముక్క సంగతి చెప్పాలె. అది బీరువలనే ఉండె. నేను పోయినప్పుడల్లా బీరువ తెరిచి చూసేదాన్ని, కవర్ల నుంచి తీసి మళ్ల మడత పెట్టేదాన్ని. ఇంకొకలికి పెట్టరాదు, ఒకల పేరు మీద కొన్నది. ఇంట్ల కుట్టుకోరాదు. పారేయరాదు. నాకైతె అదట్లనే ఉండాలె అని ఉండె, అదొక్కటే ఆమెది మా దగ్గర ఉన్నది అన్నట్టు. ఆమె దాన్ని చూడను కూడ చూడలే, అయినా ఆమెదే.

2006ల మేడారం జాతర అయినంక పోయిన, బీరువల కవర్ లేదు. అత్తమ్మను అడిగితె, ఎత్తు బంగారం (బెల్లం) తోటి సారలమ్మ గద్దెకు పెట్టి వచ్చిన అన్నది మెల్లగ, మిషన్ తొక్కుకుంటనే. నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నన్ను అడగకుండ ఎట్ల పెడ్తవ్, నేను కూడ బేరం చేసిన గద, నాది కాదా అని గొడవ. జంపన్న వాగుల స్నానం చేసి తడిబట్టల తోటి లైన్ల నిలబడి పెట్టొచ్చినమ్మా, ఊకె పడేసి రాలే అన్నది. ఇంకొకల ఒళ్లె పెడ్తె ఇది ఫలానా ఆమె కోసం కొన్నది అని చెప్పాలె, వాళ్లు అపశకునం అంటరు, సారలమ్మకైతె ఏం చెప్పక్కర్లేదు, ఆమె కూడ మన ఆడిబిడ్డనే అన్నది. నేను రెండు నెలలు ఆ ఇంటికి పోలే. హన్మకొండ నుంచి ఊరికి పోతుంటె హుజూరాబాద్ బస్టాండ్ వచ్చినప్పుడు మొఖం తిప్పుకునేదాన్ని, ఇరవై దాటిన దాన్ని చిన్నపిల్ల లెక్క.

కాని ఆ కోపం పోయినంక చూసుకుంటె రాత్రి లెక్కలు వేసుకునుడు తగ్గింది. పదకొండు గంటలకు మేమెక్కడున్నం అనేది రోజూ వచ్చుడు బందైంది. ఎప్పుడు బందైందో తెల్వదు, ఒకరోజు యాదికొచ్చి, అరే చాలా రోజులాయె గద అనుకున్న. బీరువల కవర్ ఉన్నంత కాలం ఆమె ఇంకా వచ్చేటిదే, మేమింకా కరీంనగర్‌ల నిలబడే ఉన్నం. అత్తమ్మకు అది తెలుసేమో, నాకు తెలవడానికి చాన టైం పట్టింది.

సినిమాలు చూసుడు మాత్రం అంత జల్దిగ రాలే. ఆమె పాటలొస్తె ఛానల్ మార్చేదాన్ని. మొదలు నవ్వులాట సినిమాలు చూసిన, ఆమె చీర చెంగు నడుముకు చెక్కుకొని కొట్లాడేటియి. అంతఃపురం చూడలేకపోయిన, అండ్ల ఆమె పిల్లగాన్ని పట్టుకొని పారిపోయి రావాల్నని కొట్లాడ్తది గద, ఇల్లు చేరుకునుడు అనేది ఆమె మొఖంల చూస్తె నాకు అయ్యేది కాదు. నా పెండ్లయి బిడ్డ పుట్టినంక చూసిన. బిడ్డకు సౌందర్య అని పెడ్దామనుకున్న, మా అత్తగారోళ్లు ఒప్పుకోలే, అల్పాయుష్షు పేరు అన్నరు. గట్టిగ కొట్లాడలే నేను కూడ. ఆ మాట తప్పని చెప్పేంత ధైర్యం లేకపాయె.

2020ల కరోనా టైంల, దసరా ముంగట, బాలకృష్ణ ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసిన నర్తనశాల వచ్చింది, 17 నిమిషాలది, ఆన్‌లైన్‌ల. అండ్ల సౌందర్య ద్రౌపది. ఆమె పోవుడుతోటే ఆగిపోయిన సినిమా అది. నేను ఆ రోజు హుజూరాబాద్‌లనే ఉన్న, అత్తమ్మకు బీపీ, షుగరు, మిషన్ తొక్కుడు బందు చేసి రెండేండ్లు. మామ వచ్చేసిండు దుబాయ్ ఇడిసిపెట్టి, ఆయన వాకిట్ల బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు ఏరుతుండు. ఫోన్‌ను గ్లాసుకు ఆనిచ్చి పెట్టిన. అత్తమ్మ కండ్లద్దాలు పెట్టుకొని దగ్గరికొచ్చి కూసున్నది. భీముని వేషంల శ్రీహరి కనబడ్తె, అయ్యో ఈయన కూడ పాయె గద అన్నది. అవును 2013ల అన్న.

సౌందర్య వచ్చింది. అత్తమ్మ ఏమంటదో అని నేను ఫోన్ చూస్తలేను, ఆమెనే చూస్తున్న. చాన సేపు ఏమనలే. తర్వాత ఫోన్ మీద ఏలు పెట్టి ఆపుమన్నది. ఆపిన. ముందటికి వంగి, కుట్టేటోళ్ల చూపు తోటి, భుజం కాడ, మెడ కాడ చూసింది.

"చూసినవా, వంకాయ రంగే మంచిగుంటుండె. నువ్వేమో ఆకుపచ్చది అంటివి."