బొమ్మలు కదలాల్సిందేనట

ఈ వేళప్పుడు కంప్యూటర్ తెరిచానని తెలిస్తే అక్క రేపంతా నాతో మాట్లాడదు, అయినా ఈ చికాకును రాసి పడేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు. సైటు చేయించుకుంటున్న వాళ్ళు మొదటి పేజీలో ఆరు ఫొటోలతో కారౌసెల్ (ఒకే చోట ఫొటోలు ఒకదాని తరువాత ఒకటి మారే పెట్టె) పెట్టమన్నారు, పెట్టాను. ముందుకూ వెనక్కూ తిప్పే బటన్లతో అది చక్కగానే పనిచేస్తోంది. మధ్యాహ్నం ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని వింటే ‘ఆరింటిలో రెండవది’ అని చెప్పి, వెంటనే నేను తాత్కాలికంగా రాసి పెట్టిన ఫొటో వివరణ చదివింది, సంతోషమేసింది. సాయంత్రం వాళ్ళు చూసి, ‘తనంతట తాను కదలడం లేదేమిటి?’ అన్నారు.

నాలుగు సెకన్లకొకసారి తిరిగేలా చేయడం పెద్ద పని కాదు. దానితో పాటు చేయవలసిన పనుల గురించి చెప్పబోతేనే వినే ఓపిక ఎవరికీ ఉండదు. దానంతట అదే మొదలై, ఐదు సెకన్లకు మించి, పేజీలోని మిగతా విషయం పక్కన కదులుతూ ఉండేదానికి ఆపే వీలు తప్పక ఉండాలన్నది, వెబ్‌సైట్లు వికలాంగులకూ అందేలా చూసే ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ 2.0 వచ్చిన 2008 నుంచీ ఉన్న నియమమే, అదీ కనీస స్థాయి అయిన లెవెల్ ఏ లోనే. అందుకని ఆపే బటన్ పెట్టాలి, ట్యాబ్ నొక్కుతూ వచ్చేవారికి కారౌసెల్‌లో ముందుగా అదే తగలాలి, కీబోర్డు ఫోకస్ (ట్యాబ్‌తో చేరుకున్న చోటు) లోపలికి వచ్చినా మౌస్ పైన నిలిచినా తిరగడం ఆగాలి, కదలికలు తగ్గించమని తమ ఫోన్‌లో సెట్టింగు పెట్టుకున్న వారికి అసలు మొదలే కాకూడదు. ఇదంతా విన్న తరువాత వాళ్ళు అన్నది ఒక్కటే: ‘ఆ ఆపే బటన్ కనిపిస్తే డిజైన్ పాడవుతుంది, దాచేయకూడదా?’ కదిలేది అందరి కంటా పడాలట, ఆపేది మాత్రం ఎవరికీ కనబడకూడదట!

ఆ మాట విన్నప్పటి నుంచీ పాత ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఆవిడే గుర్తుకు వస్తున్నారు. ఆవిడకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తోనే పని చేసుకునేవారు. ఒకరోజు ‘ఇది విను’ అని ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, నాకు అందడం కోసం చదివే వేగం బాగా తగ్గించారు. ఏదో దరఖాస్తుకు సంబంధించిన నియమాలు చదువుకుంటున్నారు. ఒక వాక్యం సగానికి వచ్చేసరికి ‘మూడవ స్లైడ్’ అని అదే గొంతు అడ్డుపడింది. ఆవిడ వెనక్కి వెళ్ళి వాక్యాన్ని మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ‘నాలుగవ స్లైడ్’. పుస్తకం చదువుకుంటుంటే ఎవరో వచ్చి మాటిమాటికీ పేజీ తిప్పేసినట్టుంది. ఎవరు కట్టారో గానీ, తిరుగుతున్న స్లైడ్లకు ఏరియా-లైవ్‌ను (మార్పులను స్క్రీన్ రీడర్ ఎలా చెప్పాలో తెలిపే కోడ్‌ను) అసర్టివ్‌గా, అంటే చదువుతున్నదానికి అడ్డుపడి వెంటనే చెప్పేలా, పెట్టి వదిలేశారు. అది చాలదన్నట్టు, పక్కకు నెట్టిన స్లైడ్లను కంటికి మాత్రమే దాచారు. ఆవిడ ట్యాబ్ నొక్కుతుంటే తెర మీద ఫోకస్ గీత ఎక్కడా నాకు కనిపించలేదు, ఇయర్‌ఫోన్‌లో మాత్రం లింకు తరువాత లింకు వినిపిస్తూనే ఉంది. ఆవిడ విసుక్కోలేదు కూడా, పేజీ మూసేసి, ఆ నియమాలేమిటో నన్ను చదివి చెప్పమన్నారు. తనంతట తాను హాయిగా చదువుకోగలిగిన మనిషి నన్ను అడగవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక్కడిదాకా రాసేసరికి, కారౌసెలే వద్దు, ఆరు ఫొటోలూ వరుసగా పేర్చేద్దాం అని రేపు చెప్పేయాలనుకున్నాను. కానీ ఆలోచిస్తే అది కోపంలో తీసుకున్న నిర్ణయంలాగే ఉంది. ఫోన్‌లో ఆరు ఫొటోలు ఒకదాని కింద ఒకటి వస్తే అసలు విషయం ఎక్కడికో దిగిపోతుంది. పైగా ఆవిడకు ఆ రోజు అడ్డమైంది బొమ్మల వెనుక బొమ్మలు ఉండడం కాదు, అవి అడగకుండా కదలడం. సరైన పేరు పెట్టిన ఒక విభాగంగా ఉండి, కనబడని స్లైడ్లు స్క్రీన్ రీడర్‌కూ ట్యాబ్‌కూ కూడా నిజంగా అందకుండా ఉంటే, కావలసిన వారు చూస్తారు, వద్దనుకున్న వారు దాటిపోతారు. కాబట్టి కారౌసెల్ ఉంటుంది. వాళ్ళకు కదలిక తప్పనిసరి అయితే, పేజీ తెరిచినప్పుడు ఆగి ఉండి, నొక్కిన వారికి మాత్రమే తిరిగేలా ఒక బటన్ పెడతాను. తిరుగుతున్నంతసేపూ ఏరియా-లైవ్ ఆఫ్‌లో ఉంటుంది, ఆపిన తరువాత పొలైట్‌కు, అంటే చదువుతున్నది అయ్యాకే చెప్పేలా, మారుతుంది. బటన్ మాత్రం కనబడుతుంది, ఆ విషయంలో బేరం లేదు.

అన్నట్టు, వాళ్ళు పంపిన ఆల్ట్ టెక్స్టుల (ఫొటోలో ఏముందో స్క్రీన్ రీడర్ చదివి చెప్పే వివరణల) ఫైలు ఇప్పుడే తెరిచాను. ‘ఫొటో 1’, ‘ఫొటో 2’ అంటూ ఆరింటికీ అంతే ఉంది. నాలుగవ ఫొటోలోనైతే చివరి తేదీతో సహా ప్రకటన మొత్తం బొమ్మలోనే అచ్చయి ఉంది. దాన్ని విడిగా టెక్స్టుగా పంపమని మెయిల్ రాసి పెట్టుకున్నాను, కదలిక గురించి వాదన మొదలు కాకముందే పొద్దున పంపేస్తాను.