సెలాజినెల్లా కాండంలో ఖాళీ: నా ప్రాక్టికల్ పరీక్ష అనుభవం

బీఎస్సీ వృక్షశాస్త్రం ప్రాక్టికల్ నిన్న ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

ఫీజు, హాల్ టికెట్, రికార్డు మీద సంతకాలు అన్నీ సజావుగానే జరిగాయి. స్పాటర్లు (చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలు) కూడా తేలికే. ఈక్విసెటం శంకువు, మార్సీలియా స్పోరోకార్ప్, ఫెర్న్ ప్రోథాలస్ పెట్టారు. వేరు కొన స్లైడులో కొత్త కణాలు పుట్టే అగ్ర విభాజ్య కణజాలం చూపించమన్నారు, చూపించాను.

చిక్కంతా అడ్డుకోత (కాండాన్ని అడ్డంగా పలచటి బిళ్లలుగా కోయడం) దగ్గరే వచ్చింది. చీటీ తీస్తే నాకు సెలాజినెల్లా (ఫెర్న్‌ల లాగే పువ్వులు పూయని చిన్న మొక్క) కాండం పడింది. మా కాలేజీలో ఏడాది పొడవునా మా చేత బ్లేడు పట్టించిన పాపాన పోలేదు. పుస్తకంలోని బొమ్మలను రికార్డులోకి ఎక్కించడమే ప్రాక్టికల్. పెన్సిల్ గీత ఎంత నున్నగా ఉంటే అన్ని మార్కులు! అడ్డుకోత నేను ఇంట్లో తోటకూర కాడల మీద నేర్చుకున్నాను.

సన్నని కాండం కాబట్టి క్యారట్ ముక్కను చీల్చి అందులో ఇరికించి, బ్లేడు తడిపి కోశాను. పలచని కోతలు ఏరి వాచ్ గ్లాసులో (చిన్న గాజు పళ్లెం) సాఫ్రనిన్, ఫాస్ట్ గ్రీన్ అనే ఎరుపు, పచ్చ రంగులు పట్టించాను. సూక్ష్మదర్శినిలో చూస్తే బాహ్యచర్మం ఉంది, దాని లోపలి పొర వల్కలం ఉంది, మధ్యలో గుండ్రటి ఖాళీ. నీరు, ఆహారం మోసే ప్రసరణ స్తంభం జాడే లేదు! కోతలు మార్చి చూసినా అదే తీరు. కనిపించింది కనిపించినట్టే గీశాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి నా కాగితం ఎత్తి అందరికీ చూపించారు. "ఏమమ్మా, మొక్క గుండెకాయ ఎక్కడ పారేశావు? పుస్తకం ఒక్కసారైనా తెరిచావా?" అన్నారు. ల్యాబంతా నవ్వింది. మా కాలేజీ మేడమ్ కూడా నవ్వారు, అది మరచిపోలేను.

సెలాజినెల్లాలో ప్రసరణ స్తంభం వల్కలానికి అతుక్కుని ఉండదు. చుట్టూ గాలి ఖాళీ, అందులో స్తంభం. వల్కలం లోపలి అంచున ఉండే అంతశ్చర్మ కణాలు పొడవుగా సాగి, ట్రాబెక్యులే అనే సన్నని ఆధారాలై దాన్ని పట్టి ఉంచుతాయి. వాటి మీద నీటిని అడ్డుకునే కాస్పేరియన్ పట్టీలు కూడా ఉంటాయి. సీసాలో ఎన్నేళ్లుగానో ఫార్మలిన్‌లో నానుతున్న మొక్కలో ఆ ఆధారాలు తెగకుండా ఉంటాయా? స్తంభం జారిపోయింది. అదే చెప్పాను. "అయితే ఎక్కడికి జారిందో చూపించు" అన్నారు. పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నారు. అందరి ముందూ కుంచె పట్టుకుని, వాచ్ గ్లాసులోని రంగునీళ్లలో కంటికి ఆనని తునక కోసం వెతికాను. చేతులు వణికాయి. చివరకు ఎర్రటి చుక్క ఒకటి తగిలింది. స్లైడు మీద పెడితే మధ్యలో నీళ్లు మోసే ఎర్రని దారువు, చుట్టూ పచ్చగా ఆహారం మోసే పోషక కణజాలం. ఆయన చూశారు, ఏమీ అనకుండా పక్క బల్లకు వెళ్లిపోయారు. ఆ మౌనానికి ఎన్ని మార్కులో మరి.

వైవాలో మాత్రం నన్ను పట్టుకోలేకపోయారు. "టెరిడోఫైట్‌లలో (ఫెర్న్‌లు, వాటి లాంటి మొక్కలు) దారునాళాలు ఉండవు కదా" అని, అంటే దారువులో నీళ్లు పారే పొడవాటి గొట్టాలు ఉండవని వల వేస్తే, సెలాజినెల్లా జాతులు కొన్నింటిలో ఉంటాయన్నాను. ద్వితీయ వృద్ధి (కాండం లావెక్కడం) ఉన్న టెరిడోఫైట్ ఏదని అడిగితే ఐసోయిటిస్ పేరు చెప్పాను. సంజీవని పేరిట అమ్మే, నీళ్లు పోస్తే విచ్చుకునే ఎండు మొక్క సెలాజినెల్లాయే అని కూడా చెప్పాను, ఎవరూ అడగకపోయినా.

పరీక్ష రాయబోయేవారికి ఒక మాట. బ్లేడు మీరే కొత్తది కొనుక్కుని వెళ్లండి. అటెండరు ఇచ్చేది పెన్సిల్ చెక్కడానికి కూడా పనికిరాదు. ఈక్విసెటం వస్తే రెండు బ్లేడ్లు కావాలి, దాని బాహ్యచర్మంలోని సిలికా పదునును తినేస్తుంది. సెలాజినెల్లా వస్తే కోతలు తీశాక వాచ్ గ్లాసులోని నీళ్లు పారబోయకండి.

వచ్చే విడత వివృతబీజాలు (కాయ లేకుండా బయటే విత్తనాలు ఉండే మొక్కలు). వాటిలో ఒకటైన సైకస్ ప్రవాళ వేరు (పగడంలా కొమ్మలు వేసే వేరు) తాజాగా ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు చెప్పండి, మా కాలేజీ సీసాను ఇక నమ్మను.