అరుగు మీద కూర్చున్న కవి

కాలూపూర్‌లో మెట్రో దిగి పైకి వచ్చేసరికి ఇంకా ఏడున్నర కాలేదు. స్వామినారాయణ మందిరం అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరమే. ఆ సంగతి తెలియక ఆటో ఎక్కాను. అతను అడిగిన ఎనభై రూపాయలూ ఇచ్చి, నాలుగు మలుపులు తిరిగేలోగా గుడి ముందు దిగాను. మీటరు వేయమని గట్టిగా అడగనందుకు గుడి మెట్లెక్కేదాకా మనసులో గొణుక్కుంటూనే ఉన్నాను.

అహ్మదాబాద్ వచ్చి అప్పటికి ఐదు రోజులు. విజయవాడలో నవజీవన్ ఎక్కితే ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. అమ్మాయి, అల్లుడు ఉండేది నదికి పడమట, శాటిలైట్ వైపు. ఆశ్రమం చూపించారు, రివర్‌ఫ్రంట్ చూపించారు, అటల్ బ్రిడ్జి మీద నడిపించారు. కాలినడక వంతెనకు కూడా టికెట్టే. అన్నీ బాగున్నాయి, కాని నేను వాటి కోసం రాలేదు. 2017 జులైలో యునెస్కో ఈ పాత ఊరిని ప్రపంచ వారసత్వ నగరంగా ప్రకటించినప్పుడు, మా ఆఫీసులో పేపరు ముందు పెట్టుకుని ఆ వార్త రెండుసార్లు చదివాను. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. జైపూర్‌కు ఆ తరువాత రెండేళ్లకు వచ్చింది. నేను కోస్తా జిల్లాల మునిసిపాలిటీలలో ముప్ఫై ఏళ్లు టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసినవాణ్ణి. ఢిల్లీకీ ముంబైకీ రానిది ఈ ఊరికి ఎలా వచ్చిందో, ఇక్కడి పురపాలక ఉద్యోగులు ఏం చేశారో నా కళ్లతో చూడాలని అప్పుడే అనుకున్నాను. అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం రావడం నా అదృష్టం.

ఉదయం ఎనిమిదింటికి గుడి ఆవరణలోనే నడక మొదలవుతుంది. నగరపాలక సంస్థే నడుపుతున్న వారసత్వ నడక ఇది. 1997 నవంబరు 19న మొదలైంది. నా దృష్టిలో అసలు కథ ఆ తేదీలోనే ఉంది. యునెస్కో బిరుదు వచ్చాక పర్యాటకుల కోసం పెట్టింది కాదు, బిరుదుకు ఇరవై ఏళ్ల ముందే మొదలుపెట్టారు. పాత ఇళ్ల కోసం కార్పొరేషన్‌లో ఒక ప్రత్యేక విభాగమే ఉంది. మా దగ్గర పాత ఇల్లు ఆఫీసు ఫైలులోకి వచ్చేది రెండు సందర్భాల్లోనే. ఒకటి, శిథిల భవనమని నోటీసు ఇవ్వడానికి. రెండు, రోడ్డు వెడల్పు చేయడానికి.

ముందు చిన్న గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించారు. 1411లో అహ్మద్ షా సబర్మతి తూర్పు ఒడ్డున కోట కట్టి ఊరు వేయించడం, చుట్టూ గోడ రావడం, ఇరవయ్యో శతాబ్దంలో ఆ గోడ చాలావరకు పోయి ద్వారాలు మిగలడం. తరువాత గుడి. 1822లో కట్టారు, స్వామినారాయణ సంప్రదాయంలో ఇదే మొదటి మందిరం. టేకు స్తంభాల మీద రంగులు వేసిన చెక్కడాలు చూస్తూ నేను వెనకబడిపోయాను. మా గుంపుకు దారి చూపే కుర్రవాడు రెండుసార్లు పిలిచాడు.

గుడి దాటి నాలుగు అడుగులు వేస్తే పోళ్లు మొదలు. పోల్ అంటే వీధి అని చెబితే సరిపోదు. ఒక కులంవాళ్లో ఒకే వృత్తివాళ్లో కలిసి కట్టుకున్న ఇళ్ల గుంపు అది. పోల్‌లోకి వెళ్లేచోట ఒక ద్వారం ఉంటుంది, ఒకప్పుడు రాత్రికి మూసేవారు. ద్వారం పైన కావలివాడి గది. లోపల ఒక బావి, ఒక గుడి, పక్షులకు గింజలు వేసే చబూత్రో. ఒక స్తంభం మీద చెక్కిన చిన్న మండపంలా ఉంటుంది ఆ చబూత్రో. ఊరు పెరిగి చెట్లు తగ్గినప్పుడు పక్షులకు కూడా ఒక చోటు ఉండాలని కట్టుకున్నారట. కొన్ని పోళ్లలో ఒక సందు నుంచి ఇంకో సందుకు ఇళ్ల మధ్యలోంచే దారి ఉంది. గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లు కాబట్టి వెలుతురూ గాలీ రావడానికి ప్రతి ఇంటి నడుమ ఆకాశం కనిపించే చౌక్. మన మండువాయే. వీధివైపు ఓట్లా. మన అరుగే.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అలా ఆగిపోయింది లంబేశ్వర్ నీ పోల్‌లో.

దల్పత్‌రామ్ గుజరాతీ కవి. 1820లో పుట్టి 1898లో పోయాడు. ఫోర్బ్స్ అనే ఇంగ్లీషు అధికారికి గుజరాతీ నేర్పి, అతనితో కలిసి 1848లో ఏర్పడిన వర్నాక్యులర్ సొసైటీ అనే భాషా సంస్థ కోసం పనిచేశాడు. ఆయన ఉన్న ఇల్లు కాలంలో కలిసిపోయింది. నగరపాలక సంస్థ ఆ స్థలంలో ఆయన ఇంటి ముఖభాగాన్ని మళ్లీ కట్టించింది. వెనక ఇల్లు లేదు. ముందు గోడ, చెక్క స్తంభాలు, ఓట్లా, అంతే. ఆ ఓట్లా మీద కంచు దల్పత్‌రామ్ కూర్చుని ఉన్నాడు. మనిషి మనిషంతే ఉన్నాడు. ఎత్తైన దిమ్మె లేదు, చుట్టూ ఇనుప కంచె లేదు. పొద్దున్నే ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఇంటి ముందు కూర్చున్న పెద్దాయనలా ఉన్నాడు. మేము వెళ్లేసరికి బడి సంచీ తగిలించుకున్న ఒక పిల్ల ఆయన పక్కనే కూర్చుని చెప్పు బకిలు పెట్టుకుంటోంది. కుర్రవాడు చరిత్ర చెబుతున్నాడు. నేను వినలేదు.

మా ఊళ్లలో విగ్రహాలు ఎలా పెడతామో నాకు తెలుసు. స్థల పరిశీలనకు నేనే వెళ్లేవాణ్ణి. నాలుగు రోడ్ల కూడలిలో, ట్రాఫిక్ నడుమ, ఎనిమిది అడుగుల దిమ్మె మీద. జయంతికో దండ, వర్ధంతికో దండ, మిగతా రోజుల్లో దుమ్ము. ఆయన ఎవరో చదవాలంటే లారీల మధ్య రోడ్డు దాటాలి. ఒక కవిని తన వీధిలో, తన గుమ్మం ముందు, పిల్లలకు అందేంత ఎత్తులో కూర్చోబెట్టవచ్చని ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నాకూ తోచలేదు, నా పైవాళ్లకూ తోచలేదు.

ఇంతకంటే పెద్ద బాధ ఆ అరుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పట్టణంలో బజారు వీధి వెడల్పు చేశాం. నేను, కొలత గొలుసు పట్టే ఒక చైన్‌మన్, ఎర్ర రంగు డబ్బా. రోడ్డు మధ్య నుంచి ఇరవై అడుగులు కొలిచి ఎవరి గోడకు వస్తే ఆ గోడ మీద గుర్తు వేయడం. ఒక పాత మండువా ఇంటికి గుర్తు సరిగ్గా అరుగు అంచున పడింది. గూనపెంకుల వసారా, నున్నగా అరిగిన నాపరాళ్లు, స్తంభాల మొదట్లో తామరపూలు. ఆ ఇంటి ముసలావిడ బయటకు వచ్చి, "అరుగు ఒక్కటేనా బాబూ పోయేది?" అని అడిగింది. ఇల్లు మిగిలిందన్న ఊరటతో అడిగింది. "అవునమ్మా, అరుగు ఒక్కటే" అన్నాను. నేనూ ఊరటగానే చెప్పాను. అరుగులు ఆ వీధిలో అందరివీ పోయాయి. సాయంత్రం కూర్చునే మనుషులు తరువాత ఎక్కడికి పోయారో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. రోడ్డు నలభై అడుగులయింది. ఇప్పుడు అందులో సగం బళ్లు నిలుపుకోవడానికే సరిపోతోంది.

ఇక్కడ ఒక మునిసిపాలిటీ, లేకుండా పోయిన అరుగును డబ్బు ఖర్చుపెట్టి మళ్లీ కట్టింది.

గుంపును వదిలేశాను. పక్క ఇంటి ఓట్లా మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, నీళ్లు కావాలా అని హిందీలో అడిగింది. నేను చేసిన పని గురించి చెప్పేసరికి ఇల్లు చూడమంది. లోపల చౌక్ కింద నీళ్ల టాంకా ఉంది. వాననీళ్లు పైకప్పు నుంచి గొట్టంలో దిగి భూమిలోపలి గదిలోకి చేరతాయి. ఒకప్పుడు ఏడాది పొడవునా తాగడానికి ఆ నీళ్లేనట. ఇప్పుడు మూత వేసి దాని మీద వాషింగ్ మెషీన్ పెట్టారు. ఇటుక గోడల్లో వరసల మధ్య అడ్డంగా టేకు దూలాలు. భూమి కదిలినప్పుడు గోడ పగలకుండా ఆ చెక్క పట్టుకుంటుందని ఆవిడ మామగారు చెప్పేవారట.

ఆవిడ కష్టాలు కూడా చెప్పింది. ఇద్దరు కొడుకులూ నదికి అవతల ఫ్లాట్లలో ఉన్నారు. ఇక్కడ కారు రాదు, కోడళ్లు ఇక్కడ ఉండబోమన్నారు. కప్పు కారుతోంది, చెక్కపని తెలిసిన వడ్రంగి కూలీ అందుబాటులో లేదు. ఎదురిల్లు గోదాముగా మారింది. దాని పక్కది వానాకాలంలో కూలితే, ఆ చోట నాలుగంతస్తుల సిమెంటు ఇల్లు లేచింది. చెక్కిన తలుపులు కొనేవాళ్లు తిరుగుతుంటారట, ఇంటికంటే తలుపులకే ఎక్కువ ధర చెబుతారట. బిరుదు వచ్చిన ఊరని అంతా భద్రంగా ఉందని అనుకోకూడదు. ఆ పోల్‌లోనే తాళం వేసిన ఇళ్లు ఐదు లెక్కపెట్టాను.

అయినా ఒక సంగతి నన్ను వెంటాడింది. టీడీఆర్, అంటే కట్టుకునే హక్కును ఇంకో చోటికి బదిలీ చేసుకునే ఏర్పాటు, ఆ మాట ఆవిడ నోట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మన దగ్గర టీడీఆర్ బాండు అంటే ఏమిటో ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ తెలుసు. రోడ్డు వెడల్పులో నీ స్థలం ఇచ్చేస్తే డబ్బుకు బదులు బాండు ఇస్తారు. దాన్ని బిల్డరుకు అమ్ముకుంటే అతను ఇంకో చోట అదనపు అంతస్తు వేసుకుంటాడు. ఇక్కడ జాబితాలోకి ఎక్కిన పాత ఇంటి యజమానికి అదే కాగితం, ఇల్లు పడగొట్టనందుకు ఇస్తున్నారు. ఈ స్థలంలో నువ్వు వేయగలిగీ వేయని అంతస్తులు నీ హక్కు, దాన్ని నదికి అవతల కట్టేవాడికి అమ్ముకో, ఆ డబ్బుతో ఈ ఇంటి కప్పు బాగుచేసుకో అన్నది ఆలోచన. అదే చట్టం, అదే లెక్క, అదే ముద్ర. నేను ఆ బాండ్లకు ఎన్ని కొలతల పటాలు గీశానో! ఆ కాగితం ఇంకోవైపుకు కూడా పనిచేస్తుందని ఒక్కరోజు నా బుర్రకు తట్టి ఉంటే, కనీసం ఒక ప్రతిపాదన రాసి పైకి పంపేవాణ్ణి. పైవాళ్లు పక్కన పడేసినా ఫైలులో ఉండేది.

ఆవిడకు మాత్రం ఆ డబ్బు ఇంకా రాలేదు. ఇంట్లో ఏడుగురికి వాటా ఉంది. ఇద్దరు అమెరికాలో, ఒకరికి ఎవరితోనూ మాటలు లేవు. కింద గదిలో పాతకాలపు అద్దెకు ఉంటున్న దుకాణదారు ఖాళీ చేయడు. అందరి సంతకాలూ కావాలి. ఇది గుజరాత్ కష్టం కాదు, మా జిల్లాలో ఏ మండువా ఇంటి కాగితాలు తీసినా ఇదే కథ. సంతకాల విషయంలో వారసులను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఆఫీసులో ఒకరు ఉండాలని, అది ఇంజనీరు పని కాదని ఆవిడకు చెప్పాను. ఆవిడ, "మీరే రండి" అంది.

తరువాత జామా మసీదు చూశాను. 1424లో కట్టింది. 260 స్తంభాలట. 1819 భూకంపంలో మినార్లు విరిగిపోయాయి. చల్లని రాళ్ల మీద అరగంట కూర్చున్నాను, కాని మనసు అక్కడ లేదు. మానెక్ చౌక్‌లో తిన్న పప్పు తీపిగా ఉండి సయించలేదు.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడితో కొంచెం గట్టిగానే మాట్లాడాను. "మామయ్యగారూ, ఆ ఇళ్లలో ఎవరు ఉంటారు? పార్కింగ్ లేదు, లిఫ్టు లేదు. చూడటానికి బాగుంటాయి" అన్నాడు అతను. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ పెద్దావిడ కోడళ్లు చెప్పిందీ అదే. పార్కింగును పోల్‌కు బయట కట్టవచ్చు కదా, అరుగు మాత్రం బయట కట్టలేం కదా అన్నాను. అమ్మాయి, "నాన్నా, చల్లారిపోతోంది, తినండి" అంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు ఒంటరిగా మళ్లీ వెళ్లాను. ఈసారి కాలూపూర్ నుంచి నడిచే వెళ్లాను. పదిన్నరకు లంబేశ్వర్ నీ పోల్ ఖాళీగా ఉంది. కవి పక్కన ఎవరో ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. నేను వంగి జానతో ఓట్లా ఎత్తు కొలిచాను. రెండు జానలు, మీద నాలుగు వేళ్లు. పొడవు అడుగులతో కొలిచాను. వెడల్పు ఒక మనిషి పడుకుంటే సరిపోయేంత ఉంది.

"ఏం కొలుస్తున్నారు? పడగొడతారా?" అని ముసలాయన పేపరు దించి అడిగాడు.

లేదని చెప్పాను. మా వైపు కూడా ఇలాంటివి ఉండేవని, నేనే గుర్తు వేసి తీయించానని, ఎంత ఎత్తు ఉండేవో ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నానని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, పేపరు మడిచి, కవివైపు జరిగి నాకు చోటిచ్చాడు.