వెన్నెముక టీబీ: మందులు ఉచితం, ఇంటి ఖర్చులు కావు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా రైసు మిల్లులో ఊపిరి సలపదు. ధాన్యం లారీలు, తూకం చీటీలు, బిల్లులు. ఆ రోజుల్లో నడుం నొప్పి వస్తే కుర్చీనో, విజయనగరం నుంచి మిల్లు దాకా ఉన్న గతుకుల రోడ్డునో తిట్టుకుని ఊరుకుంటాం. పని వల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది. వెన్నెముక టీబీ నొప్పి రాత్రి పడుకున్నాక పెరుగుతుంది. దానికి తోడు సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడడం, తెల్లారేసరికి బనీను తడిసిపోవడం, బెల్టు ఇంకో కన్నం లోపలికి జరగడం ఉంటే ఎక్స్‌రేతో ఆగకూడదు. తొలినాళ్ళలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. నాకు ఎమ్మారైలో వెన్నులోని డీ12, ఎల్1 అనే పూసల మధ్య డిస్కు అరిగి, పక్కన చీము చేరినట్టు తేలింది. సీటీలో చూస్తూ సూదితో ముక్క తీసి సీబీనాట్‌కి పంపారు. జబ్బు టీబీయేనా, రిఫాంపిసిన్ దాని మీద పనిచేస్తుందా అన్నవి రెండూ ఆ ఒక్క పరీక్షే చెబుతుంది.

మందులు ప్రభుత్వానివే, పైసా ఖర్చు లేదు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత మూడు మందులది. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలల్లో అయిపోతుంది. ఎముకకి పన్నెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజుకి ఎన్ని మాత్రలన్నది బరువుని బట్టి: 35 నుంచి 49 కిలోల వాళ్ళకి మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. పరగడుపున అన్నీ ఒకేసారి వేసుకోవాలి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపు ఆకుపచ్చ తేడా మసకబారినా మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకి చూపించాలి. "ఏటిరా, నడుం నొప్పికి ఏడాది మాత్రలా?" అంది మా అమ్మ. మూడో నెలకి నొప్పి పోతుంది. మానేసేవాళ్ళు సరిగ్గా అప్పుడే మానేస్తారు, మందులకి లొంగని టీబీ అక్కడే మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో లేకపోతే ఇది పక్కవాళ్ళకి అంటుకోదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. మా మిల్లులో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), పీఎఫ్ చలానాలు నెలనెలా 15వ తేదీలోపు కట్టేది నేనే. ఆ కాగితాల పద్ధతి తెలిసినవాడిగా చెప్పేదొకటి. జబ్బు ఇంటిని కూల్చేది ఆసుపత్రి బిల్లుతో కంటే, జీతం ఆగిన రోజుకీ రావలసిన డబ్బు చేతికందే రోజుకీ మధ్య ఉన్న ఖాళీతో. ఇంట్లో డబ్బుంటుంది, హక్కులూ ఉంటాయి. సంతకం కుదరకనో, పేరు కలవకనో, ఓటీపీ వేరే ఫోనుకి పోవడం వల్లనో అవి కదలవు.

ముందు ఇల్లు ఎంతతో గడుస్తుందో కాగితం మీద పెట్టాలి. జీతం ఎంతన్నది కాదు, ఏది ఆపితే ఇల్లు ఆగుతుందన్నది. మా లెక్క ఇది: అద్దె 4,500, బియ్యం పప్పు నూనె కూరలు 4,000, పాలు 1,500, గ్యాసు కరెంటు 1,300, అమ్మ బీపీ మందులు 500, డ్వాక్రా వాయిదా 1,200, చీటీ 2,000, బడి ఆటో 800, ఫోన్లు 500. మొత్తం 16,300. జబ్బు వచ్చాక దాని మీద గుడ్లు, పాలు, రక్త పరీక్షలు, ఆటోలు కలిపి ఇంకో 3,500 పడింది. అంటే 19,800. పండగ బట్టలు, పెళ్ళిళ్ళ చదివింపులు ఈ లెక్కలో లేవు. మంచాన ఉన్నవాడు చదివించలేదని ఎవరూ అనరు.

నెలకి 21,000 దాకా జీతం ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ ఉంటుంది. 18,000 జీతం మీద మనకి కోసేది 135 రూపాయలు, యజమాని కట్టేది 585. అంత చిన్న కోత కాబట్టి చాలామంది అది మందుల డిస్పెన్సరీ కోసమే అనుకుంటారు. అసలు విలువ అనారోగ్య భత్యంలో ఉంది. పని చెయ్యలేని రోజులకి సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. 18,000 జీతానికి రోజుకి సుమారు 420. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటుంది. అందులోని జబ్బయితే 91 రోజుల తర్వాత 80 శాతం లెక్కన, మొత్తం రెండేళ్ళ దాకా పొడిగిస్తారు. దానికి రెండేళ్ళ ఎడతెగని సర్వీసు, నాలుగు చందా కాలాల్లో కలిపి కనీసం 156 రోజుల చందా, అంటే ఈఎస్ఐకి కట్టినది, ఉండాలి.

చందా కాలం ఆరు నెలలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి మరుసటి జనవరి నుంచి జూన్ వరకు రక్షణ. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినది జులై నుంచి డిసెంబరుకి. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడాలి. సీజను కూలీలను ఏడాదికి మూడు నాలుగు నెలలు మాత్రమే రికార్డులో చూపించే చోట, రోజులు రెండు కాలాలకీ చీలిపోతే ఎందులోనూ 78 కాకపోవచ్చు. చందా పోతుంది, భత్యం రాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పనిచేసేవాళ్ళకి అన్ని రోజులూ ఒకే కాలంలో పడతాయి. పేరు ఎక్కించే తేదీ దగ్గరే పట్టుబట్టండి.

ఆగేది ఎక్కడంటే సర్టిఫికెట్ల దగ్గర. బయటి ఆసుపత్రి కాగితం ఒక్కటే చాలదు. దాన్ని ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరుకి చూపించి, వాళ్ళ సర్టిఫికెట్ తీసుకోవాలి. మొదటిది, మధ్యలోవి, చివరిది అని వరసగా ఉంటాయి. రెండు సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు ఖాళీ పడినా ఆ రోజుకి డబ్బు రాదు, ఖాళీ పదిహేను రోజులు దాటితే మొదటి రెండు రోజులు మళ్ళీ పోతాయి. జబ్బు మొదలైన తొలి రెండు రోజులకి ఎలాగూ భత్యం లేదు. తర్వాత ఈఎస్ఐ బ్రాంచి వాళ్ళు యజమానిని అడుగుతారు: ఈ మనిషి ఆ రోజుల్లో నిజంగా రాలేదా, జీతం ఇచ్చారా అని. మంచి మనసుతో యజమాని అవే రోజులకి సెలవు జీతం ఇస్తే ఆ రోజులకి ఇక్కడ కొట్టేస్తారు. కాబట్టి ఉన్న సెలవులు ముందు వాడేసి, అవి అయిపోయిన మర్నాటి నుంచి సర్టిఫికెట్ మొదలయ్యేలా చూసుకోవాలి. ఈ భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పదు. ఆ మాట మేస్త్రీలకి కూడా తెలియదు.

అన్నీ సవ్యంగా ఉన్నా మొదటి డబ్బు పడడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరకి ఇంటి ఖర్చు 30,000. తర్వాత మూడు నెలలు, నెలకి భత్యం 12,600, మా ఆవిడ మిషను మీద 1,500, టీబీ రోగులకి పోషకాహారం కోసం నిక్షయ్ కింద నెలకి 1,000. మొత్తం 15,100. ఇంకా 4,700 తక్కువ. ఆమె మామూలుగా 3,000 దాకా కుడుతుంది. నన్ను చూసుకోడానికి సగం రోజులు మిషను మూసింది. ఇంటి లెక్కల్లో ఈ ఆదాయం తగ్గడాన్ని ఎవరూ రాయరు. 80 శాతం మొదలయ్యాక లోటు 2,900కి దిగింది. ఏడు నెలల లోటు 25,700, ఎమ్మారై, బయాప్సీ, వీపుకి కట్టే బ్రేసు, విశాఖకి కారు కలిపి మరో 25,000, ముందు చెప్పిన 30,000. కలిపితే సుమారు 81,000. ఇంటి కనీస ఖర్చుకి ఐదు నెలల మొత్తం. ఆరు నెలల ఖర్చు దాచుకోమని అందరూ చెప్పే మాట ఈఎస్ఐ ఉన్న ఇంటికి సరిపోతుంది. ఆటో నడిపేవాళ్ళకీ, కొట్టు పెట్టుకున్నవాళ్ళకీ పన్నెండు నెలలన్నా ఉండాలి, వాళ్ళకి 70 శాతం ఇచ్చేవాడు లేడు.

ఆ డబ్బు ఎలా ఉంచాలన్నది ఎంత ఉంచాలన్నదానికంటే పెద్ద విషయం. రెండు నెలల ఖర్చు సేవింగ్సులో, భార్యాభర్తల జాయింటు ఖాతాలో ఉండాలి, ఎయిదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో. అప్పుడు ఒక్కరి సంతకంతో తీయవచ్చు. మిగతాది ఎఫ్‌డీ చేసినా ఒక్క ముక్కగా చెయ్యకండి. 10,000 చొప్పున విడగొడితే కావలసినంతే చెరుపుకోవచ్చు, మిగతావాటి వడ్డీ కదలదు. ఇక్కడో మెలిక ఉంది. జాయింటు ఎఫ్‌డీని గడువుకి ముందు చెరపాలంటే ఎయిదర్ ఆర్ సర్వైవర్ అని రాసి ఉన్నా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒకరు ఐసీయూలో ఉంటే ఆగిపోతుంది. ఎఫ్‌డీ వేసేటప్పుడే, ముందుగా చెరపడానికి ఒక్కరి సంతకం చాలన్న మాట రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. కౌంటరులో అడిగితే దానికి కాగితం ఇస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు.

పీఎఫ్‌లో వైద్యం పేరుతో అడ్వాన్సు తీసుకోవచ్చు, డాక్టరు కాగితం కూడా అక్కర్లేదు. నేను దాన్ని చివరికి ఉంచాను. అది ముసలితనానికి దాచుకున్న డబ్బు. కానీ తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. మన జిల్లాల్లో ఎక్కువగా తిరగ్గొట్టేది బ్యాంకు వివరాల దగ్గర. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పీఎఫ్ ఖాతాలో పాత ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు) అలాగే ఉన్నవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. గ్రామీణ వికాస్ బ్యాంకు కూడా 2025 మే 1న ఏపీ గ్రామీణ బ్యాంకులో కలిసింది కాబట్టి వాళ్ళూ ఒకసారి చూసుకోవాలి. రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పీఎఫ్‌లో వెనక, పాస్‌బుక్కులో ఒక్క అక్షరం. ఒంట్లో బాగున్నప్పుడు అది ఒక పూట పని.

మే నెలాఖరుకి సేవింగ్సు ఖాతాలో 456 రూపాయలు తప్పకుండా ఉంచండి. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి, 20 సురక్షా బీమాకి. నిల్వ లేకపోతే కోత పడదు, బీమా ఉండదు. అయితే ఈ రెండూ జబ్బుకి రూపాయి ఇవ్వవు. మొదటిది చావుకి, రెండోది ప్రమాదంలో చనిపోయినా అవయవం పోయినా. కార్డు చూపిస్తే ఆసుపత్రిలో చెల్లుతుందని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఆరోగ్యశ్రీ అని పిలిచేది, జాబితాలోని చికిత్సలకి నెట్‌వర్క్ ఆసుపత్రిలో పనిచేస్తుంది. చేరేటప్పుడే అక్కడున్న ఆ పథకం కౌంటరుకి వెళ్ళాలి, డబ్బు కట్టేశాక వెళ్తే రాబట్టడం కష్టం. సొంతంగా ఆరోగ్య బీమా తీసుకునేవాళ్ళు గది అద్దె పరిమితి చూడాలి. రోజుకి 3,000 పరిమితి ఉండి 5,000 గదిలో చేరితే, అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో 40 శాతం కోస్తారు.

అప్పు తప్పకపోతే బంగారం బ్యాంకులో పెట్టడమే నయం. రెండు రూపాయల వడ్డీకి 30,000 తెస్తే నెలకి 600. బ్యాంకులో ఏడాదికి 10 శాతం అనుకున్నా 250. డ్వాక్రా వాయిదా ఆలస్యమైతే గ్రూపు మొత్తం మీద పడుతుంది. లీడరుకి తేదీకి ముందే చెప్పాలి, తేదీ దాటాక కాదు. ఇంకా పాట పాడని చీటీ ఉంటే అది నిజమైన ఆసరా. పాడేసిన చీటీ అయితే జబ్బులోనూ కట్టాల్సిన అప్పు. అందుకే ఇంట్లో ఒక్క చీటీ అయినా పాడకుండా చివరి దాకా ఉంచాలన్నది నా పట్టుదల.

లేవడం మెల్లగా సాగింది. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి జార్చి, మోచేతి మీద బరువు వేసి లేవాలి. మల్లకిల నుంచి నేరుగా లేస్తే పూస మీద భారం పడుతుంది. సంచీ మొయ్యడం, కింద బాసిపట్టు వెయ్యడం, బండి మీద గతుకుల్లో వెళ్ళడం డాక్టరు చెప్పేదాకా లేవు. మిల్లులో చేరడానికి ఫిట్‌నెస్ రాసిన చివరి సర్టిఫికెట్ కావాలి. అందులో బరువు ఎత్తకూడదని రాయించుకోవడం మంచిది, నోటితో చెప్పినది సీజనులో ఎవరికీ గుర్తుండదు.

చేరాక కూడా ఒక ఖాళీ మిగులుతుంది. భత్యం తీసుకున్న రోజులు చందా రోజులుగా లెక్కకి రావు. ఆగస్టు 1న పనిలో చేరినవాడికి సెప్టెంబరు 30కి 61 రోజులే అవుతాయి, 78కి చేరవు. అంటే మరుసటి జనవరి నుంచి జూన్ దాకా మళ్ళీ ఒళ్ళు పాడైతే అనారోగ్య భత్యం ఉండదు. జులై నుంచే మళ్ళీ మొదలు. కాబట్టి జీతం రాగానే ఖర్చయిన ఎఫ్‌డీలు నింపడం ముందు, సిరిమాను పండగ కొనుగోళ్ళు తర్వాత. ఆ జూన్ దాటేదాకా సేవింగ్సులో రెండు నెలలది కాదు, నాలుగు నెలల ఖర్చు ఉంచుతున్నాం.