మీరెందుకు చెప్పారు, పిన్నీ

పదకొండున్నర దాటింది. మా అక్క కూతురు బుజ్జి పడుకుంది. అక్కను మేం అప్ప అంటాం, ఆమె గదిలో దీపం కూడా ఆరిపోయింది. నాకే నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే చాలా చిన్నది. విజయనగరం బస్ కాంప్లెక్సు బయట కంటోన్మెంట్ మావయ్య వేసిన ఒక్క ప్రశ్న.

గురువారం కదా, బుజ్జికి వైద్యం చేసే మేడమ్ దగ్గరికి విశాఖ వెళ్లి వచ్చాం. బస్సు దిగి ఆటో కోసం చూస్తుంటే ఆయన కూరగాయల సంచితో ఎదురయ్యారు. ముందు నన్ను చూసి నవ్వారు. తర్వాత బుజ్జిని చూసి ఇంకో రకంగా నవ్వారు. "ఏమ్మా, ఇప్పుడు ఎవరు? నువ్వేనా?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తను బాగానే ఉంది మావయ్యా. ఎండగా ఉంది, వెళ్లొస్తాం" అనేసి బుజ్జి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. గంటస్తంభం దాటేదాకా నా గుండె దడ తగ్గలేదు. బుజ్జి ఒక్క మాట మాట్లాడలేదు. బాధపడింది కాబోలు అనుకున్నాను.

బుజ్జికి ఉన్నది డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అనే రుగ్మత. తనలోని 'నేను' ఒక్కటిగా కూడక, వేరువేరు రూపాల్లో ఒకరి తర్వాత ఒకరు బయటికి వస్తుంటారు. ఆయనకు ఈ సంగతి తెలిసింది ఒక పెళ్లిలో. అప్పకు మనసులో ఏదీ దాగదు కదా. అప్పటినుంచి ఆయన దృష్టిలో ఇదంతా నటన. ఉద్యోగం ఇష్టం లేని పిల్ల ఆడుతున్న నాటకమట. వినీ వినీ విసిగిపోయాను. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు సరిగ్గా ఈ అనుమానాన్నే పరీక్షించారు. ఈ రుగ్మత ఉన్న 11 మందిని ఒక వైపు, అలా నటించమని నేర్పిన 18 మందిని మరో వైపు పెట్టి చూశారు. నటించేవాళ్లు ఎంత ప్రయత్నించినా వాళ్ల మెదడులో రక్తప్రసరణ, గుండె వేగం రుగ్మత ఉన్నవాళ్లలో మారినట్టు మారలేదు. ఇది మావయ్యకు ఎవరు చెబుతారు? ఆయనకు తెలిసినదల్లా సినిమాలో చూసినదే. కళ్లు తిప్పి, జుట్టు విదిలించి, క్షణంలో హంతకుడైపోయే మనిషి.

మా ఇంట్లో అలాంటిది ఒక్కనాడూ జరగలేదు. జరిగేది ఇది. పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టినట్టు బుజ్జికి గుర్తుంటుంది. తర్వాత గుర్తున్నది పెద్దచెరువు గట్టు, సాయంత్రం వెలుగు, చేతిలో తను కొనని రంగు పెన్సిళ్ల పెట్టె. మధ్యలో ఏడెనిమిది గంటలు లేవు. పక్కనున్న మాకు కనిపించేది ఇంకా తక్కువ. కాఫీలో పంచదార ఎక్కువ అడుగుతుంది. చేతిరాత కాస్త వాలుతుంది. ఇది దాక్కోవడానికి పుట్టిన జబ్బు, అందరి ముందూ ప్రదర్శించడానికి పుట్టింది కాదు. అందుకే నాలుగేళ్లు ఎవరికీ దొరకలేదు. తలలో గొంతులు వినిపిస్తున్నాయి అనగానే అప్పటి డాక్టరు స్కిజోఫ్రీనియా అని రాసేశారు. ఆ మాత్రలకు పిల్ల బరువు పెరిగింది, మొహం మొద్దుబారింది, గంటలు మాయమవడం మాత్రం ఆగలేదు. స్కిజోఫ్రీనియా అనే మాటకు 'చీలిన మనసు' అనే అర్థం ఉండబట్టి జనం ఈ రెండింటినీ కలిపేస్తారు. నిజానికి అది వేరు, ఇది వేరు.

మేడమ్ దగ్గర మొదటి రోజు నేను అడిగిన ప్రశ్న కూడా ఇక్కడ రాయాలి. "మిగతావాళ్లు ఎప్పుడు పోతారండీ?" అని అడిగాను. చాలా మామూలుగా అడిగాను, జ్వరం ఎప్పుడు తగ్గుతుందని అడిగినట్టు. ఎవరినీ వెళ్లగొట్టడానికి కాదు ఈ వైద్యం, అన్నారామె. పసిపిల్లకు 'నేను' అనేది పుట్టుకతోనే ఒక్క ముద్దగా ఉండదట. ఆకలేసిన నేను, భయపడ్డ నేను, ఆడుకునే నేను, ఇవన్నీ ఆదరించేవాళ్ల చేతుల్లో మెల్లగా కలుస్తాయి. మళ్లీ మళ్లీ దెబ్బ తగిలి, పారిపోయే దారి లేని పిల్లలో కొందరికి ఆ కలయిక జరగదు. అమెరికా వైద్యులు 1994లో మల్టిపుల్ పర్సనాలిటీ అనే పేరు తీసేసి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అన్నది ఈ ఉద్దేశంతోనే. ఒక ఒంట్లో పదిమంది మనుషులు ఉండటం కాదు, ఒక్క మనిషి ఇంకా ఒక్కటిగా కూడకపోవడం.

ఆ బాల్యంలో ఏం జరిగిందో ఇక్కడ రాయను. బుజ్జి నాకు ఇచ్చిన అనుమతి అంతవరకు రాదు. మేడమ్ కూడా ఇంకా అటు వెళ్లలేదు. ముందు నిద్ర, తిండి, తనను తాను గాయపరచుకోకుండా ఉండటం. అది కుదిరాకే పాత గాయం జోలికి పోవడం. ఆ తర్వాత కలపడం. కొందరికి పూర్తిగా కలుస్తుంది, కొందరు లోపల రాజీతో బాగానే బతుకుతారు. దీనికంటూ మాత్ర లేదు. ఇప్పుడు వేస్తున్నవి నిద్రకూ దిగులుకూ. వైద్యుల ప్రశ్నలే ఇలాంటి రూపాలను పుట్టిస్తాయని వాదించే డాక్టర్లూ ఉన్నారు, ఆ సంగతి మేడమే చెప్పారు. అందుకే ఆమె హిప్నాటిజం చేయరు, లోపల ఉన్నవారికి తనంతట తాను పేరు పెట్టరు. ఏడాదిన్నర అయింది. ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం. అప్పకు ఓపిక చాలడం లేదు, నాకు బస్సు ప్రయాణాలు చాలడం లేదు.

మావయ్య నవ్వు దగ్గరికే మళ్లీ వస్తున్నాను. ఆ నవ్వు నేను ఎక్కడో చూశాను అనిపిస్తూ ఉంది సాయంత్రం నుంచి. ఇందాక దుప్పటి మడత పెడుతుంటే తట్టింది.

మూడు లాంతర్ల వెనక సందులో మా పాత ఇల్లు. పక్కింటి అత్తయ్యకు అమ్మవారు పూనేది. మంగళవారాలు, సిరిమానోత్సవం దగ్గరపడే రోజుల్లో మరీ ఎక్కువ. నాకు తొమ్మిదేళ్లు. పసుపు నీళ్ల చెంబు పట్టుకుని నిలబడటం నా పని. అత్తయ్య ముడి విప్పుకుని ఊగేది. గొంతు మగగొంతులా మారేది. నాలుక మీద కర్పూరం వెలిగించేవారు. వీధి వీధంతా వచ్చేది. వాన ఎప్పుడు, పోయిన ఎద్దు ఎటు పోయింది, కోడలికి కాన్పు ఎలా అవుతుంది, అన్నీ అడిగేవారు. జవాబు అర్థం కాకపోతే అత్తయ్య వాళ్ల అత్తగారు పక్కన కూర్చుని విడమరిచి చెప్పేది. వెనక నిలబడ్డ మగవాళ్లలో కొందరు నవ్వుకునేవారు. అదీ ఆ నవ్వు. మొక్కుతూనే నవ్వడం.

అత్తయ్యకు తెలివి రాగానే ముందు తన చేతులు చూసుకునేది. పసుపు అంటిన వేళ్లను తిప్పి తిప్పి చూసుకునేది. తర్వాత నన్ను, తొమ్మిదేళ్ల పిల్లను, మెల్లగా అడిగేది. "నేనేం మాట్లాడానే?" నేను అత్తగారి వైపు చూసేదాన్ని. "దానికేమీ గుర్తుండదు, చెప్పకు" అనేది ఆవిడ. "ఏమీ లేదు అత్తయ్యా" అనేదాన్ని నేను. ప్రతి మంగళవారం అదే మాట. ఆమె కళ్లల్లోకి చూసి అన్నాను ఆ మాట, ఎన్నిసార్లో.

అత్తయ్యది జబ్బు అని నేను అనడం లేదు. పదిమంది నమ్మకంలో భాగంగా, పండగలో భాగంగా వచ్చే పూనకాన్ని వైద్యులు కూడా జబ్బుల లెక్కలో వేయరు. పిలవకుండా వచ్చి, బతుకును చెదరగొట్టేదే జబ్బు. కానీ అంట్లు తోముతూ, రాత్రి పక్క మీద కూడా ఆమె వణికిపోయిన రోజులున్నాయి. ఆ రోజుల్లో వీధి రాలేదు. తలుపు మూసేవారు. ఏది ఏమిటో తేల్చే హక్కు నాకు లేదు. ఆమె ఇప్పుడు లేదు.

ఇక అసలు సంగతి. భోజనాలయ్యాక బల్ల మీద బుజ్జి నోటుపుస్తకం తెరిచి ఉంది. లోపలివారు ఒకరికొకరు కబురు పెట్టుకోవడానికి మేడమ్ పెట్టించిన పుస్తకం అది. చివరి పేజీ ఒక్కటే మాది, ఇంటివాళ్లది. అందులో ఒక వాక్యం ఉంది.

"తాతయ్య నన్నడిగారు కదా పిన్నీ. మీరెందుకు చెప్పారు?"

బుజ్జి మాటలు నేర్చినప్పటినుంచి నన్ను 'నువ్వు' అనే పిలుస్తుంది. ఇక్కడ 'మీరు' అని ఉంది. అక్షరాలు కాస్త వాలి ఉన్నాయి.

అంటే ఆటో దగ్గర నా పక్కన నిలబడింది నేను అనుకున్న బుజ్జి కాదు. మావయ్య ప్రశ్నకు నిజంగానే జవాబు ఉంది. చెప్పగలిగిన మనిషి అక్కడే ఉంది. చెప్పనివ్వనిది నేను. ఒక గంట కిందటి వరకు ఆయన మీద రాయడానికే కూర్చున్నాను. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేను, అది వేరు. కానీ అదే ప్రశ్న మేడమ్ కూడా వేస్తారు, "ఈ రోజు ఎవరు వచ్చారు?" అని. నవ్వకుండా అడిగి, జవాబు కోసం ఆగుతారు. నేను ఆగలేదు. "తను బాగానే ఉంది" అన్నాను, అత్తగారిలాగే, అదే స్వరంతో. పిల్లను కాపాడుతున్నాననే అనుకున్నాను. రోడ్డు మీద నలుగురూ చూస్తారన్న సిగ్గు అందులో ఎంత ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకొకటి కూడా. పాటలు పాడే బుజ్జి వచ్చిన రోజు నేను కూర ఇంకాస్త వేస్తాను. వాలు అక్షరాల అమ్మాయి వచ్చిన రోజు తలుపు ఓరగా వేస్తాను. ఇంటివాళ్లు ఒకరిని ముద్దు చేసి మరొకరిని దూరం పెట్టకూడదని మేడమ్ మొదటి నెలలోనే చెప్పారు. తల ఊపి వచ్చాను.

జవాబు రాద్దామని కలం తీశాను. "నన్ను క్షమించు" అని రాశాను. నన్ను 'మీరు' అన్న మనిషికి అది సరిపోదనిపించి కొట్టేశాను. "క్షమించండి" అని రాశాను. అది ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు లేదు, ఆ అమ్మాయిని గుమ్మం బయట నిలబెట్టినట్టుంది. అదీ కొట్టేశాను. చాలాసేపు కూర్చుని చివరికి ఇలా రాశాను: "తప్పు నాదే. ఈసారి ఎవరైనా అడిగితే పక్కనే నిలబడతాను, మాట్లాడను. కాఫీలో పంచదార ఎన్ని చెంచాలో ఇక్కడ రాసి ఉంటే రేపు పొద్దున్న అలాగే కలుపుతాను."

పుస్తకం ఉన్నచోటే పెట్టాను, కలం మధ్యలో ఉంచి.