తవ్వకంలో ఎముక కనిపిస్తే: కాలిఫోర్నియాలో నా అనుభవం

శాన్‌ఫ్రాన్సిస్కో బే తూర్పు ఒడ్డున ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకు అనుమతులు తెచ్చే పని నాకు అప్పగించారు. ఈ తీరమంతా ఒహ్లోనీ అనే ఆదివాసీ ప్రజలు వేల ఏళ్లు బతికిన చోటు. నెల్స్ నెల్సన్ అనే పురావస్తు పరిశోధకుడు బే చుట్టూ 425 ఆల్చిప్పల దిబ్బలు గుర్తించి 1909లో ప్రచురించాడు. చాలా దిబ్బల్లో సమాధులున్నాయి. ఎమరీవిల్‌లో అలాంటి పెద్ద దిబ్బ ఉన్నచోట ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. పక్క వీధికి మాత్రం షెల్‌మౌండ్ (ఆల్చిప్పల దిబ్బ) స్ట్రీట్ అని పేరు పెట్టుకున్నారు!

2014 నాటి ఏబీ 52 అనే రాష్ట్ర చట్టం ప్రకారం, దరఖాస్తు పూర్తిగా ఉందని తేలిన 14 రోజుల్లో సిటీవాళ్లు తెగలకు నోటీసు పంపాలి. ముందే రాసి అడిగిన తెగలకే ఇది. వాళ్లు 30 రోజుల్లో కోరితే సంప్రదింపులు మొదలవుతాయి. ఫెడరల్ గుర్తింపు లేకపోయినా రాష్ట్ర నేటివ్ అమెరికన్ హెరిటేజ్ కమిషన్ జాబితాలో ఉంటే చాలు. మా డెవలపర్‌కు ఇది మరో ఎన్‌ఓసీ, అంతే.

తెగ తరఫున వచ్చినావిడ బిల్డింగ్ బొమ్మలు చూడనే లేదు. ఎక్కడ, ఎంత లోతు తవ్వుతారని అడిగారు. చివరికి ఒప్పుకున్నవి రెండు: పళ్లులేని బకెట్‌తో తవ్వడం, పక్కన తెగ మానిటర్, అంటే తవ్వకాన్ని గమనించే తెగ మనిషి, ఉండటం.

మురుగు పైపు కందకంలో మట్టి ఒక్కసారిగా నల్లగా, జిడ్డుగా మారింది. అందులో గోరంత ఆల్చిప్ప ముక్కలు. మానిటర్ చెయ్యెత్తారు, ఎక్స్‌కవేటర్ ఆగింది. ఎముక.

అక్కడి నుంచి టెన్షనే. కబురందిన రెండు పనిదినాల్లో కరోనర్, అంటే మరణాలను విచారించే అధికారి, అది ఎవరి ఎముకో తేల్చాలి. ఆదివాసీలదని తోస్తే 24 గంటల్లో కమిషన్‌కు చెప్పాలి. కమిషన్ వారసులెవరో నిర్ణయిస్తుంది. సైటు చూడనిచ్చాక, ఎముకలను ఏం చేయాలో సూచించడానికి వాళ్లకు 48 గంటలే గడువు. తాతముత్తాతల విషయం తేల్చడానికి రెండు రోజులా? కాంట్రాక్టర్‌కు అదీ ఎక్కువే అనిపించింది.

మన వాస్తులో నేలలో శల్యం (ఎముక) ఉంటే తవ్వి తీసేయమంటారు. ఈ వారసులు అడిగింది సరిగ్గా తిరగేసి: కదపొద్దు, పైపునే పక్కకు తిప్పండి అని. ఇంజినీర్లు గొణిగినా వాలు సరిపోయింది, తిప్పారు.

పైపు కాబట్టి సరిపోయింది. అదే పునాది కింద వచ్చుంటే? ఏబీ 52 తెగలకు వీటో ఇవ్వదు. చిత్తశుద్ధితో మాట్లాడినా రాజీ కుదరకపోతే సిటీ సంప్రదింపులు ముగించవచ్చు. వారసుల సూచన నచ్చకపోతే యజమాని కాదనవచ్చు. అప్పుడు అదే స్థలంలో, మళ్లీ ఎవరూ తవ్వనిచోట గౌరవంగా పూడ్చాలి. అంతవరకే రక్షణ.

ఇప్పుడు గ్రేడింగ్ (నేల చదును చేసే) ప్లాన్ గీయకముందే సేక్రెడ్ ల్యాండ్స్ ఫైల్, అంటే తెగల పవిత్ర స్థలాల రికార్డు, వెతకమని కమిషన్‌కు రాస్తున్నాను. ఏమీ లేదని జవాబొచ్చినా తెగలకు ఫోన్ చేస్తాను. ఆ ఫైల్లో అన్నీ ఉండవు.